ముళ్ళపంది ఇంటి తలుపు మీద పేరు

నా ఉత్తరాలకు ఇంతవరకు ఎవరూ జవాబివ్వలేదు. జవాబు అని వాళ్ళు అనుకునేది మాత్రం ప్రతిసారీ వస్తుంది. మీ అభిప్రాయం మాకు అమూల్యమైనది, సంబంధిత విభాగానికి పంపించాం అని ఉంటుంది అందులో. అది మనిషి రాసింది కాదు, యంత్రం పంపింది. యంత్రాలు పంపే జవాబులను పరీక్షించడమే వృత్తిగా బతికినవాణ్ణి కనుక ఆ తేడా నాకు తెలుసు. ఈ శీర్షిక నడిపేవారు మా పని గురించి పాఠకులకు కుతూహలం ఉంటుందని, ఒక అనుభవం రాయమని అడిగారు. నన్ను ఏదైనా అడిగినవారు ఈ మధ్య వీరొక్కరే. అందుకని పద్ధతిగానే రాస్తాను. చివర మాత్రం నేను అడగవలసింది అడిగి తీరతాను.

నా ఆఖరి ఉద్యోగం కనాటాలో. ఒట్టావాకు పడమర ఉన్న టెక్నాలజీ పార్కులో ఒక చిన్న కాంట్రాక్టు కంపెనీ. పాత వెబ్ ఆటలను నడిపించే ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్‌ను బ్రౌజర్లన్నీ వదిలేసిన మరుసటి ఏడాది, చెట్లు రంగు మారుతున్న రోజుల్లో చేరాను. నా హోదా సీనియర్ డిజిటల్ ప్రిజర్వేషన్ అనలిస్ట్. నా పైన ప్రాజెక్టు మేనేజరు, ఆయన పైన డైరెక్టరు, అందరి పైనా క్లయింటు. ఆ క్లయింటు పాత రికార్డులు భద్రపరిచే ఒక పెద్ద భాండాగారం. పేరు రాయను, చదివితే వాళ్ళకు తెలుస్తుంది.

పాత వెబ్‌సైట్లు మాయమైపోకుండా పట్టి దాచడం మా పని. పుస్తకం అటక మీద పడేస్తే ఎన్నాళ్ళయినా పడి ఉంటుంది. వెబ్‌సైటుకు ఆ భాగ్యం లేదు. సర్వర్ ఆపేసిన మరునాడు అది ఉండదు, ఎక్కడుండేదో చూపించడానికి చోటు కూడా ఉండదు. అందులోనూ పిల్లల సైట్లకు దిక్కు ఎవరూ ఉండరు. వాటిని వాడినవాళ్ళు పెద్దవాళ్ళయిపోతారు, కట్టినవాళ్ళు ఉద్యోగాలు మారిపోతారు. ఫ్లాష్‌లో చేసిన ఆటలు ఆగిపోయాక అలాంటి సైట్లు చాలా మూతపడ్డాయి. ఫ్లాష్ ఉన్న పాత బ్రౌజర్లు మా ఆఫీసులోని ప్రత్యేక కంప్యూటర్లలో ఉండేవి. వాటిని ఇంటి నుంచి నడపడానికి అనుమతి లేదు. అందరూ ఇళ్ళ నుంచి పనిచేస్తున్న ఆ కాలంలో నేనొక్కణ్ణే రోజూ ఆఫీసుకు వెళ్ళడానికి కారణం అదే.

మాకు అప్పగించిన సైటు ఒక పిల్లల ఛానెల్‌ది. ఆ ఛానెల్లో ఒక ముళ్ళపంది బొమ్మ కార్యక్రమం వచ్చేది. సైటంతా దాని ఇల్లు. వంటగదిలో ఒక ఆట, మేడ మీద గదిలో ఒక ఆట, పెరట్లో వడ్రంగిపిట్టతో లెక్కలు. వాకిట్లోకి రాగానే మీ పేరు అడిగేది. టైపు చేస్తే సర్వర్ తయారుచేసి పంపిన చెక్క పలక ఒకటి తలుపు మీద వేలాడి, దాని మీద 'రా రా' అని అర్థమొచ్చే ఇంగ్లీషు మాట, దాని కింద మీ పేరు కనిపించేవి.

ఆ ఇంటికి ఒక నియమం ఉంది. పిల్లలు పడుకునే వేళ కాగానే ముళ్ళపంది దీపాలార్పి పడుకునేది. ఆ తరువాత మీరు వంటగది అడిగినా, పెరడు అడిగినా, ఏ చిరునామా అడిగినా ఛానెల్ సర్వర్ ఒకే పేజీ పంపేది. చీకటి ఇల్లు, కిటికీలో టోపీ పెట్టుకుని నిద్రపోతున్న ముళ్ళపంది, చిన్న గురక. తెల్లవారేదాకా అంతే. ఇది నాకు ఎలా తెలుసంటే, మేము అమెరికా నుంచి ఇక్కడికి మారిన కొత్తలో మా అమ్మాయికి ఆ ఇల్లు పడుకుంటే తప్ప నిద్ర వచ్చేది కాదు. మా ఆవిడ పిల్లకు అన్నం కలిపి పెడుతూ, 'అదుగో, వాడు కూడా ఆవులిస్తున్నాడు, చివరి ముద్ద' అనేది. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. అమ్మాయి మాంట్రియల్‌లో ఉద్యోగం చేస్తోంది. ఈ ప్రాజెక్టు సంగతి ఫోనులో చెబితే 'డాడ్, ఇట్స్ జస్ట్ ఎ వెబ్‌సైట్' అంది.

సైట్లను పట్టడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి క్రాలర్. అది ఒక ప్రోగ్రాము. ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి లింకులు పట్టుకుని పాకుతూ అన్నిటినీ తెచ్చి సంచిలో వేస్తుంది. రెండోది చేతి పద్ధతి. మనిషి కూర్చుని సైటును మామూలుగా చూస్తూ ఉంటే, చూసిందల్లా వెనుక రికార్డవుతుంది. క్రాలర్ వేగం, చేతి పని నిదానం. కంపెనీలకు ఏది ఇష్టమో చెప్పనక్కర్లేదు. క్రాలర్‌ను రాత్రిపూట నడపడం మా వృత్తిలో మర్యాద. పగలు నడిపితే సైటుకు వచ్చేవాళ్ళకు ఇబ్బంది, పాత సర్వర్ అయితే కుప్పకూలుతుంది కూడా. రాత్రి మాత్రమే నడపాలని ఛానెల్ వాళ్ళు ఒప్పందంలో రాయించుకున్నారు.

ఇంత చెప్పాక చదివేవారికి విషయం అర్థమై ఉంటుంది. నాకూ అప్పుడే అర్థమైంది. మొదటి మీటింగులోనే చెప్పాను.

మా మేనేజరు ప్రవీణ్ హైదరాబాదువాడు, టెక్సాస్ మీదుగా వచ్చాడు. నన్ను 'గారు' అనడం ఎప్పుడూ మానలేదు, నా మాట వినడం ఎప్పుడూ మొదలుపెట్టలేదు. రాత్రి క్రాల్ చేస్తే మనకు నిద్రపోయే ఇల్లు తప్ప ఏమీ దొరకదని నేను చెబితే తెర మీద తన బొమ్మలోంచి నవ్వాడు.

"మూర్తి గారూ, అది మీ అమ్మాయి చిన్నప్పటి సంగతి కదండీ. రిక్వైర్‌మెంట్స్‌లో ఎక్కడా లేదు. ఇప్పటికి ఆ ఫీచర్ తీసేసే ఉంటారు."

"తీసేశారో లేదో రాత్రి ఒకసారి సైటు తెరిచి చూడండి."

"నోట్ చేసుకున్నా అండీ. ఆఫ్‌లైన్ మాట్లాడుకుందాం."

ఆఫ్‌లైన్ మాట్లాడుకోవడం అంటే ఇక మాట్లాడుకోకపోవడం. పగటిపూట కొంచెం కొంచెంగా పట్టడానికి ఛానెల్ వాళ్ళను అనుమతి అడగమని ఉత్తరం రాశాను. జవాబు లేదు. మళ్ళీ రాశాను. ఆ వారమంతా మీటింగుల్లో ప్రవీణ్ నన్ను 'మన సీనియర్ మోస్ట్ మెంబర్' అని పరిచయం చేస్తూ వచ్చాడు. అది గౌరవం కాదని గ్రహించే వయసు నాకు ఉంది.

ఆ ఆఫీసు గురించి ఒక మాట చెప్పాలి. అందులో దీపాలు మనిషి కదలికను బట్టి వెలుగుతాయి. హాలు నిండా బల్లలు, మనిషిని నేనొక్కణ్ణే. తెర చూస్తూ కదలకుండా కూర్చుంటే కాసేపటికి దీపాలన్నీ ఆరిపోయేవి. చెయ్యెత్తి ఊపితే నా నెత్తి మీది వరుస మాత్రం వెలిగేది. మధ్యాహ్నం పెరుగన్నం డబ్బా తెరిచి, ఒక చేత్తో తింటూ ఒక చెయ్యి అప్పుడప్పుడు గాలిలో ఊపుతూ ఉండేవాణ్ణి. దీపాలకు కాలపరిమితి పెంచమని బిల్డింగువాళ్ళకు రాశాను. వాళ్ళూ నా అభిప్రాయం అమూల్యమైనదన్నారు.

అలాంటప్పుడు స్రవంతి వచ్చింది.

అవి మన పిల్లలు కెనడా కాలేజీలకు వరదలా వస్తున్న రోజులు. కనాటా బస్సు ఎక్కితే వెనక సీట్లలో సగం తెలుగు వినిపించేది. స్రవంతిది కరీంనగర్. ఊళ్ళో నాలుగేళ్ళు ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ టీచరుగా పనిచేసి వచ్చింది. ఒట్టావాలో కాలేజీ చదువు, శని ఆదివారాలు కాఫీ షాపు కౌంటరు, మా దగ్గర వారంలో రెండు మధ్యాహ్నాలు తాత్కాలిక ట్రెయినీ ఉద్యోగం. ఆమెకు పని నేర్పమని నాకు అప్పగించారు, నాకు చెప్పకుండానే. లిఫ్టు దగ్గర కనబడి, "మూర్తి అంకుల్ అంటే మీరేనా?" అని అడిగితే నాకు తెలిసింది.

"ఇది ఆఫీసు. ఇక్కడ అంకుల్‌లు ఉండరు" అన్నాను.

"మరి ఏమని పిలవాల్నండీ?"

"మూర్తి గారు అనవచ్చు."

"సరే మూర్తి గారూ. బాత్రూం ఎటు దిక్కున్నది అంకుల్?"

ఆ తరువాత ఎన్నిసార్లు దిద్దినా ఆమె మారలేదు. ఈ విషయం కూడా నేను మరిచిపోలేదు. కాకపోతే, ఆ హాల్లో ఇంకో మనిషి ఉంటే దీపాలు ఆరవు. అది నాకు మొదటిరోజే తెలిసింది.

చేతి పద్ధతి నేర్పడానికి ఆమెకు ముళ్ళపంది ఇల్లే ఇచ్చాను. క్రాలర్ మొదలయ్యే తేదీ ఇంకా రాలేదు, సైటు తెరిచే ఉంది, పైగా చిన్నది. పట్టిన ఫైళ్ళు ఆమె కంప్యూటర్‌లోనే ఉండే ట్రెయినింగ్ ఫోల్డర్‌లో పడతాయి. అభ్యాసానికి చేసినవి కనుక వాటిని ఎవరూ చూడరు, ట్రెయినీ గడువు అయిపోగానే తుడిచేస్తారు. మా నియమం ప్రకారం అభ్యాసపు ఫైళ్ళు సేకరణ కిందికి రావు. ఒక గది పట్టి చూపిస్తే చాలన్నాను.

ఆమె ఒక గదితో ఆగలేదు. వచ్చిన ప్రతి మధ్యాహ్నం చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, వాకిట్లో తన పేరు కొట్టి, లోపలికి వెళ్ళి, ఒక్కో ఆట ఆడి, ఓడి, మళ్ళీ ఆడేది. ముళ్ళపంది చెప్పిన ప్రతి మాటనూ పైకి అనేది. ఒకరోజు నేను విసుక్కున్నాను.

"ఏమిటమ్మా ఆ గొణుగుడు?"

"ఇంగ్లీష్ నేర్చుకుంటున్న అంకుల్. కాఫీ షాపుల వాళ్ళు ఏమంటరో సగం తెల్వది. డబుల్ డబుల్ అంటరు, అంటే రెండు క్రీములు రెండు చక్కెరలట, నేను రెండు కాఫీలు ఇస్త, వాళ్ళు నవ్వుతరు. గీయన మెల్లగ మాట్లాడుతడు. తప్పయినా కోపం చెయ్యడు, 'ట్రై అగైన్, ఫ్రెండ్' అంటడు. ఈ దేశంల నన్ను ఫ్రెండ్ అన్నది ఈ పంది ఒక్కడే."

"ముళ్ళపంది."

"ముళ్ళున్నా మంచోడే. మీ లెక్క."

ఆమె డబ్బాలోని పచ్చిపులుసు కొంచెం నా మూతలో పోసింది. ఆమె ఉండే బేస్‌మెంటులో ఆరుగురు ఆడపిల్లలు. వేరు వేరు షిఫ్టులు, వంతులవారీగా పరుపులు. రాత్రివేళ ముళ్ళపంది ఇల్లు ఎలా ఉంటుందో నేను చెబితే, "మా బేస్‌మెంటు గూడ గంతే అంకుల్. ఎప్పుడు పోయినా ఎవలో ఒకరు పడుకునే ఉంటరు, లైట్ వెయ్యనియ్యరు" అంది. అందుకే పగలు దీపాలు వెలిగే ఇంట్లో తిరగడం ఆమెకు ఇష్టమనుకుంటాను. ఇలా ఇల్లంతా, పెరటితో సహా, ఆమె చేతిలో రికార్డయింది. అది నేను ఆజ్ఞాపించి చేయించిన పని కాదు. ఆమె సొంతంగా చేసింది.

చలికాలం ముదిరాక క్రాలర్ నడిచింది. రాత్రుళ్ళు నడిపారు. తరువాత రిపోర్టు వచ్చింది. వెబ్‌లో పేజీ దొరికితే సర్వర్ ఒక అంకె పంపుతుంది, రెండొందలు. మా భాషలో దానికి అర్థం క్షేమంగా చేరింది అని. ఛానెల్ వాళ్ళు ఇచ్చిన జాబితాలోని ప్రతి చిరునామాకూ రెండొందలే. తెర మీద వరుసలన్నీ ఆకుపచ్చ. క్లయింటు మీటింగులో ప్రవీణ్ ఇంకో విషయం కూడా గొప్పగా చెప్పాడు. అనుకున్నదానిలో ఏ కొంచెమో తప్ప డిస్కు స్థలం పట్టలేదట. ఒకే పేజీ రెండుసార్లు వస్తే మా సాఫ్ట్‌వేర్ రెండో ప్రతిని దాచదు, మొదటిదాన్ని చూపించే గుర్తు మాత్రం పెడుతుంది. ఆ తెలివి వల్ల ఇంత ఆదా అయిందని అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. ఛానెల్ వాళ్ళు సర్వర్ ఆపేశారు. అదే వారం స్రవంతి గడువు ముగిసింది. పోతూ నా బల్ల మీద ఒక సకినాల పొట్లం పెట్టి పోయింది.

సోమవారం నేను సంచి విప్పాను. విప్పమని ఎవరూ చెప్పలేదు. పరీక్షించవలసినవాళ్ళు ఇళ్ళ దగ్గర కూర్చుని రిపోర్టులో ఆకుపచ్చ చూసి సంతకం పెట్టేశారు.

వంటగది తెరిచాను. చీకటి ఇల్లు, కిటికీలో టోపీ. పెరడు తెరిచాను. అదే ఇల్లు. మా దగ్గర ప్రతి ఫైలుకూ ఒక వేలిముద్ర కడతారు. ఒక అక్షరం మారినా ముద్ర మారిపోయే లెక్క అది. ఆ ముద్రల పట్టిక తీశాను. కింది దాకా ఒకటే ముద్ర. స్థలం ఎందుకు ఆదా అయిందో అక్కడ ఉంది. ఒక ఛానెల్ ఇన్నేళ్ళు పిల్లలకు కట్టిపెట్టిన ఇంటిలోంచి మేము తెచ్చింది ఒక్క గురక. నేను కదలకుండా కూర్చుండిపోయాను కాబోలు, ఆఫీసు దీపాలు ఆరిపోయాయి. తెర మీద చీకటి ఇల్లు, బయట చీకటి హాలు. చెయ్యి ఊపాలని కూడా అనిపించలేదు.

అప్పుడు ట్రెయినింగ్ ఫోల్డర్ గుర్తుకొచ్చింది.

గడువు ముగిసిన ట్రెయినీల ఫైళ్ళను నెట్‌వర్కు ద్వారా ఒక ప్రోగ్రాము తుడుస్తుంది. ఆ తుడిచే పని ఆ రోజే ఉందని వ్యవస్థలో చూపిస్తోంది. ఆపమని హెల్ప్‌డెస్కుకు రాశాను. అభ్యర్థన అందింది, క్యూలో ఉంది అని యంత్రం జవాబిచ్చింది. ప్రవీణ్‌కు ఫోను చేశాను, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. తరువాత నేను లేచి, స్రవంతి వాడిన కంప్యూటర్ వెనక్కి వెళ్ళి, నెట్‌వర్కు తీగ పీకేసి జేబులో పెట్టుకున్నాను. కుర్చీ దాని పక్కకు జరుపుకుని కూర్చున్నాను. అనుమతి లేకుండా పరికరాలను ముట్టుకోవడం కంపెనీ నిబంధనలకు విరుద్ధం. అది తెలిసే చేశాను, ఈనాటికీ అది తప్పని అనుకోవడం లేదు.

ఫోనుకు పలకని ప్రవీణ్ తీగకు పలికాడు. చాలా నెలల తరువాత మనిషి రూపంలో ఆఫీసుకు వచ్చాడు, భుజాల మీద మంచుతో.

"మూర్తి గారూ, ఏంటండీ ఇది? సెక్యూరిటీ వాళ్ళు నాకు కాల్ చేశారు. కేబుల్ ఇచ్చేయండి ప్లీజ్."

"ముందు ఇది చూడండి" అని చీకటి ఇల్లు చూపించాను. ఆయన ఒక గది తెరిచాడు, ఇంకొకటి తెరిచాడు. మౌస్ మీద చెయ్యి ఆగిపోయింది.

"అన్నీ ఇంతేనా?"

"ఆఫ్‌లైన్ మాట్లాడుకుందామన్నారు కదా. మాట్లాడండి."

"ఎగతాళి చేయకండి అంకుల్" అన్నాడు. ఒత్తిడిలో ఆయన కూడా అంకుల్‌లోకి దిగాడు. "సర్వర్ ఆపేశారు. క్లయింట్ సైన్ ఆఫ్ అయిపోయింది. ఇప్పుడు నేనేం చేయాలి?"

అప్పుడు స్రవంతి ఫైళ్ళు తెరిచాను. ఇంట్లో దీపాలన్నీ వెలుగుతున్నాయి. తలుపు మీద పలక, పలక మీద 'రా రా', దాని కింద స్రవంతి పేరు. ఆయన వంటగదిలోకి వెళ్ళాడు, మేడ ఎక్కాడు, పెరట్లోకి వచ్చి వడ్రంగిపిట్ట లెక్కకు తప్పు జవాబు కొట్టాడు. 'ట్రై అగైన్, ఫ్రెండ్' అంది ముళ్ళపంది.

"ఈ అమ్మాయి మనల్ని కాపాడింది" అన్నాడు ప్రవీణ్. ఆయన నోటి నుంచి వచ్చిన మాట అదే. నేను చెవులారా విన్నాను. ఆ హాల్లో మూడో మనిషి లేడు కనుక సాక్ష్యం లేదు.

మరునాటికి మాట మారింది. ట్రెయినీ చేతి పనిని సేకరణగా ఇవ్వకూడదని ఒప్పందంలో ఉంది. ఇచ్చామని చెబితే క్రాల్ విఫలమైందని కూడా చెప్పాలి. అందుకని ఆమె ఫైళ్ళను అసలు సేకరణలో కలిపి పంపారు. ప్రతి సేకరణకూ ప్రావెనెన్స్ అని ఒక గడి ఉంటుంది. ఈ వస్తువు ఎక్కడిది, ఎవరు, ఏ పద్ధతిలో తెచ్చారు అని అందులో రాయాలి. మా వృత్తికి వెన్నెముక ఆ గడి. అది అబద్ధమైతే మిగిలినదంతా ఎంత నిజమైనా చెల్లదు. ఆ గడిలో 'ఆటోమేటెడ్ క్రాల్' అని రాశారు. నేను సంతకం పెట్టనన్నాను. నా సంతకం లేకుండానే పంపారు. కాంట్రాక్టు ముగిసినప్పుడు నాది పొడిగించలేదు. పదవీ విరమణ అని కేకు కోయించారు, తెర మీద. కేకు మా ఇంటికి పంపారు. ఒక్కణ్ణే కోశాను.

చదువయ్యాక స్రవంతి మాంట్రియల్‌లో ఒక గ్రంథాలయానికి దరఖాస్తు పెట్టింది. వెబ్‌సైట్లు పట్టే ఉద్యోగమే. ఇంటర్వ్యూలో ముళ్ళపంది ఇల్లు నేను పట్టిందే అని చెప్పింది. వాళ్ళు అక్కడికక్కడే భాండాగారం పేజీ తెరిచి చూశారు. ఆటోమేటెడ్ క్రాల్. కంపెనీ ఇచ్చిన అనుభవ పత్రంలో 'డేటా ఎంట్రీ సహాయం' అని ఉంది. నేను సాక్ష్యం చెబుతానని ఆ గ్రంథాలయానికి రాస్తే, మాజీ ఉద్యోగుల మాటలు పరిగణించలేమన్నారు.

ఇంటర్వ్యూ అయిన సాయంత్రమే ఆమె నాకు ఫోను చేసింది. బస్సులో ఉన్నట్టుంది, చుట్టూ చప్పుడు.

"అంకుల్, వాళ్ళ ముందల నేను అబద్ధం చెప్పినట్టు అయింది."

"నువ్వు చెప్పింది నిజం."

"నిజమే. గనీ వాళ్ళు నన్ను సూసిన సూపు మీరు సూడలే. థాంక్యూ ఫర్ యువర్ టైం అన్నరు. మా స్కూల్ల పిల్లలు కాపీ కొడుతుంటే నేను సూసిన సూపే అది."

ఇప్పుడామె ఓక్‌విల్‌లో కార్ల విడిభాగాల గోడౌన్‌లో రాత్రి షిఫ్టు చేస్తోంది. వర్క్ పర్మిట్ గడువు దగ్గర పడుతోంది. తన చదువుకు తగిన ఉద్యోగం దొరికితేనే ఆమె ఇక్కడ నిలబడే దారి ఉంది. ఎప్పుడైనా ఫోను చేసి, "అంకుల్, తిన్నరా?" అని అడుగుతుంది. ఇంకెవరూ అడగరు కనుక అంకుల్ అన్నా ఇప్పుడు పలుకుతున్నాను.

ఇంతటితో ఊరుకుందునేమో. ఈ మధ్య భాండాగారం తన వెబ్‌సైటులో పాత పిల్లల కార్యక్రమాల ప్రదర్శన పెట్టింది. మొదటి పేజీలోనే ముళ్ళపంది ఇల్లు, పగటి వెలుగులో. తలుపు మీద పలక అలాగే ఉంది. పట్టిన దాన్ని దిద్దకూడదన్నది మా నియమం కనుక ఆ పేరును ఎవరూ చెరపలేకపోయారు. ఎవరు వచ్చి తలుపు తట్టినా ముళ్ళపంది పిలిచేది స్రవంతినే. దాని కింద ఒక వ్యాఖ్య రాశారు. ఈ పలక మీది పేరు ఆ రోజుల్లో ఆడుకున్న ఒక చిన్నారి ప్రేక్షకురాలిది, కార్యక్రమం అన్ని సమాజాల పిల్లలనూ ఎలా అలరించిందో దీనివల్ల తెలుస్తుంది అని.

ఆ చిన్నారి లేదు. కరీంనగర్‌లో నాలుగేళ్ళు పాఠాలు చెప్పి, మీ దేశం వచ్చి, కాఫీ కౌంటర్లో మాట అర్థం కాక, పెరుగన్నం తినే ఒక ముసలివాడి పక్కన కూర్చుని ఆ ఇల్లంతా చేత్తో పట్టిన మనిషి ఉంది. లేని పిల్లకు ఒక పేరా రాయడానికి మీకు తీరిక దొరికింది. ఉన్న మనిషికి ఒక గడి నింపడానికి దొరకలేదు.

ఈ సంఘటన నాకు నేర్పినవి రెండు. పేజీ చేరిందని సర్వర్ చెప్పే మాటకు, ఏదో ఒకటి చేరిందని మాత్రమే అర్థం. ఏది చేరిందో మనిషి విప్పి చూడాలి. రెండోది, ఏ సైటునైనా దాన్ని వాడినవాళ్ళు వాడిన వేళలోనే పట్టాలి. ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఈ రెండూ గుర్తుంచుకుంటే చాలు.

ఇక భాండాగారం వారికి. నా మొదటి ఉత్తరంలోనే ఫైళ్ళ వేలిముద్రలతో సహా రుజువులన్నీ పంపాను. మీ దగ్గరున్న మూల ప్రతులతో పోల్చి చూడడం ఒక పూట పని. నన్ను పొగడమని అడగడం లేదు, క్షమాపణ కూడా అక్కర్లేదు. ఆ గడిలో ఆటోమేటెడ్ క్రాల్ అన్న మాట కొట్టేసి, చేతి పద్ధతి, పట్టినవారు స్రవంతి అని రాయండి. రాయడం మీకు ఇష్టం లేకపోతే, రాయబోమని, ఎందుకు రాయబోరో చెప్పి, కింద ఒక మనిషి పేరు పెట్టి పంపండి. యంత్రం జవాబు నాకు వద్దు. మీ ప్రదర్శన తెరిచే ఉంది, తలుపు మీద ఆ పేరు ఉంది. అది ఎవరిదో ఇప్పుడు మీకు తెలుసు. జవాబు చెప్పండి.